పెనమునకు అంటిన పిండివంట

ఉత్తర చైనాలో గోధుమపిండితో చేయు వంటకములలో జియావ్‌జి మిక్కిలి ప్రసిద్ధమైనది. పూరీకంటె చిన్నదిగా, పలుచగా ఒత్తిన పిండిబిళ్ళ నడుమ పూర్ణము ఉంచి, కజ్జికాయవలె అర్ధచంద్రాకారముగా మడిచి, అంచులను వ్రేళ్ళతో నొక్కి మూయుదురు. పూర్ణమునకు సన్నగా కొట్టిన పందిమాంసము, క్యాబేజీ, ఉల్లికాడలు, అల్లము వాడుదురు. మాంసము లేకుండ కోడిగ్రుడ్లు, ఆకుకూరలతో చేయుటయు కలదు. దీనిని నీటిలో వేసి ఉడికించవచ్చును, ఆవిరిపై ఉడికించవచ్చును, లేక పెనముపై వేయించవచ్చును. పెనముపై వేయించిన దానికి 'గ్వోతియె' అని పేరు. చైనా భాషలో 'గ్వో' అనగా వంటమూకుడు. 'తియె' అనగా అంటుకొనుట. మూకుడునకు అంటుకొన్నది అని ఈ పేరునకు అర్థము.

గ్వోతియె చేయు విధానము తెలియనివారికి వింతగా తోచును. మొదట పెనమును వేడిచేసి, కొద్దిగా నూనె వేసి, పచ్చి జియావ్‌జిలను వరుసగా పేర్చుదురు. అడుగు కొంచెము రంగు తిరుగగనే పెనములో నీరు పోసి, వెంటనే మూత పెట్టుదురు. లోపల నీరు మరగి ఆవిరి నిండును. కొన్ని నిమిషములకు నీరంతయు ఇగిరిపోవును. అపుడు మూత తీసి, మిగిలిన నూనెలో అడుగు కరకరలాడువరకు వేయింతురు. పైభాగము ఇడ్లీవలె మెత్తగాను, అడుగుభాగము ఎఱ్ఱగాను, గట్టిగాను ఉండును. ఒకే వంటకములో ఉడుకు, వేపుడు రెండును కుదురును.

వేడినూనెలో నీరు పడరాదని వంటయింట అడుగుపెట్టిన పిల్లలకు మొట్టమొదట నేర్పుదురు. ఇచ్చట తెలిసి తెలిసి నీరు పోయుచున్నారు. అందుకే మూతను సిద్ధముగా చేతనుంచుకొందురు. ఈ క్రమమును ఏర్పరచినవారి వద్ద ఉష్ణమాపకము లేదు, గడియారము లేదు. ఆ రెండు సాధనములు చేయవలసిన పనిని వారు నీటిచేత చేయించుకొనిరి. అది ఎట్లు జరుగునో శాస్త్రజ్ఞులు విడివిడిగా వివరించుటకు పదునెనిమిదవ శతాబ్దమునుండి ఇరువదవ శతాబ్దమువరకు పట్టినది.

తిరుగలి వచ్చిన తరువాత

గోధుమ చైనా దేశపు స్వంత పంట కాదు. అది పశ్చిమాసియా నుండి సుమారు 4,000 సంవత్సరములకు పూర్వమే అచ్చటికి చేరినది. అయినను చాలకాలము దానిని వరివలెనే, కొర్రలవలెనే గింజగా ఉడికించి తినిరి. గోధుమగింజపై పొర గట్టిది కావున ఆ అన్నము రుచికరముగా ఉండదు. బీదల తిండిగానే అది పరిగణింపబడినది.

ఈ స్థితిని మార్చినది తిరుగలి. హాన్ వంశపు రాజుల కాలములో, అనగా క్రీ.పూ. 206 నుండి క్రీ.శ. 220 వరకు గల కాలములో, రెండు రాళ్ళ తిరుగలి విరివిగా వాడుకలోనికి వచ్చినది. గింజను పిండిగా విసరుట తేలికయైన పిదప గోధుమ విలువ పెరిగినది. గోధుమపిండిని నీటితో కలిపి పిసికినపుడు అందలి మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవేసికొని గ్లుటెన్ అను సాగెడు వల ఏర్పడును. బియ్యపుపిండిలో ఈ గుణము లేదు. గోధుమపిండి ముద్దను చిరుగకుండ పలుచగా ఒత్తి, పూర్ణమును చుట్టి మూయగలుగుటకు ఈ వలయే కారణము.

మూడవ శతాబ్దపు చివరి భాగమున షూ షీ అను పండితుడు పిండివంటలను ప్రశంసించుచు ఒక రచన చేసెను. ఏ ఋతువునకు ఏ పిండివంట తగునో అందులో వివరించినాడు. మాంసపు పూర్ణము గల వంటకములును, వాటిని ఆవిరిపై ఉడికించుటయు అందులో కనబడును. ఒకప్పుడు బీదల తిండియైన గోధుమ అప్పటికి పండితుల వర్ణనకు పాత్రమైనదన్నమాట.

కథయు, సాక్ష్యమును

జియావ్‌జిని కనిపెట్టినవాడు హాన్ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్జింగ్ అని చైనాలో ఒక కథ ప్రచారములో ఉన్నది. గడ్డకట్టు చలికాలమున బీదల చెవులు మంచుకు చితికిపోవుట చూచి, ఆ వైద్యుడు మాంసమును, ఒంటికి వేడిచేయు మూలికలను పిండిబిళ్ళలలో చెవి ఆకారముగా చుట్టి, ఉడికించి, పులుసుతో కూడ పంచిపెట్టెనని ఆ కథ చెప్పును. ఆ వైద్యుడు చారిత్రక పురుషుడే. ఆయన వైద్యగ్రంథములు నేటికిని పఠింపబడుచున్నవి. కథకు మాత్రము ఆ కాలపు ఆధారము లేదు. ఇది ప్రజలు తమ కిష్టమైన వంటకమునకు పూజ్యుడైన ఒకనితో సంబంధము కల్పించుకొన్న తీరు.

నిజమైన సాక్ష్యము సమాధులలో దొరకినది. చైనాకు వాయవ్యమున, షిన్‌జియాంగ్ ప్రాంతములో తుర్ఫాన్ అను పల్లపు భూమి కలదు. దాని లోతైన భాగము సముద్రమట్టమునకు సుమారు 154 మీటర్లు దిగువన ఉన్నది. సంవత్సరమునకు అచ్చట కురియు వర్షము 20 మిల్లీమీటర్లకు లోపుగానే ఉండును. ఈ ప్రాంతమున అస్తానా అనుచోట ప్రాచీన సమాధులున్నవి. 1915 లో ఆరెల్ స్టెయిన్ అచ్చట త్రవ్వినపుడు సమాధులలో ఉంచిన పిండివంటలు లభించినవి. 1959 తరువాత చైనా పురాతత్త్వజ్ఞులు జరిపిన త్రవ్వకములలో తాంగ్ వంశపు కాలమునకు, అనగా 7, 8 శతాబ్దములకు చెందిన జియావ్‌జిలు బయటపడినవి. అవి సుమారు 5 సెంటీమీటర్ల పొడవు గల అర్ధచంద్రములు. తడి లేనిచోట బూజు గాని, సూక్ష్మజీవులు గాని పెరుగజాలవు. అందుచేత సాధారణముగా రెండు దినములైనను నిలువని పిండివంట పన్నెండు వందల సంవత్సరములకు పైగా ఆకారము చెడకుండ నిలిచినది. నేడు ఏ చైనా గృహిణి చూచినను దానిని గుర్తింపగలదు.

వాటిని సమాధిలో ఉంచినవారు చనిపోయినవారికి ఆహారముగా ఉంచిరి. కావున ఆ వంటకము అప్పటికే నిత్యజీవితములో భాగమైయుండె నని చెప్పవచ్చును.

ఇనుప మూకుడు

వేయించుటకు పాత్ర కావలెను. మట్టిపాత్ర నీటిని మరిగించుటకు చాలును గాని, నూనె కాగునంత వేడిలో ఉన్నపుడు దానిపై చన్నీరు పోసినచో పగిలిపోవచ్చును. గ్వోతియెకు వేడిని తట్టుకొను లోహపాత్ర అవసరము.

చైనాలో పోత ఇనుము క్రీ.పూ. 5వ శతాబ్దము నాటికే తయారైనది. శుద్ధమైన ఇనుము కరగుటకు 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. కాని ఇనుములో కర్బనము సుమారు 4 శాతము కలిసినపుడు అది 1,150 డిగ్రీల సమీపముననే కరగును. చైనా లోహకారులు పెద్ద కొలుములలో ఈ వేడిని సాధించి, కరగిన ఇనుమును అచ్చులలో పోసి, నాగళ్ళను, పాత్రలను చేసిరి. ఐరోపాలో పోత ఇనుము వాడుకలోనికి వచ్చుటకు మధ్యయుగముల చివరివరకు ఆగవలసివచ్చినది.

నూనెలో వేయించు పద్ధతికి లిఖితసాక్ష్యము 6వ శతాబ్దమునకే ఉన్నది. జియా సిషియె రచించిన 'చీ మిన్ యావ్ షు' అను వ్యవసాయ గ్రంథములో కోడిగ్రుడ్లను రాగి పెనములో కొట్టి కలిపి, ఉల్లికాడలు, ఉప్పు చేర్చి, నువ్వులనూనెతో వేయించు విధానము చెప్పబడినది. పిండి, పూర్ణము, లోహపాత్ర, నూనె, ఇవన్నియు అప్పటికి సిద్ధముగా ఉన్నవి.

ఈ నాలుగింటిని నీటితో కలిపి గ్వోతియెను మొదట చేసినవారి పేరు చరిత్రలో లేదు. ఒక వంటవాడు ఉడకబెట్టుచున్న పాత్రను మరచిపోగా నీరు ఇగిరి అడుగు మాడెననియు, తిన్నవారు దానినే మెచ్చుకొనిరనియు ఒక కథ కలదు. ఇదియు పై వైద్యుని కథవంటిదే. గృహములలో నేటికిని కనబడు ఒక అలవాటు ఇంతకంటె సహజమైన దారిని చూపుచున్నది. నూతన సంవత్సరపు రాత్రి కుటుంబమంతయు కూర్చుండి జియావ్‌జిలను చుట్టి, నీటిలో ఉడికించి తిందురు. మిగిలినవానిని మరునాడు పెనముపై నూనెతో వేయించి తిందురు. ఉడికినదానిని వేయించుట తెలిసినవారు, రెండు పనులను ఒకే పెనములో వరుసగా చేయుటకు ఎంతో దూరము నడువనక్కరలేదు.

నీరే ఉష్ణమాపకము, నీరే గడియారము

ఇపుడు పెనములో జరుగునది గమనింపవలెను. మూత క్రింద నీరు ఉన్నంతసేపు, మంట ఎంత పెద్దదైనను, జియావ్‌జి చుట్టునున్న ఉష్ణోగ్రత 100 డిగ్రీల సమీపముననే నిలుచును. వచ్చిన వేడియంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చగును. 60 డిగ్రీల ప్రాంతమున పిండిలోని స్టార్చి రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, పచ్చితనము పోవును. పూర్ణములోని పందిమాంసము 71 డిగ్రీలు దాటవలెను. ఈ రెండు పనులకు 100 డిగ్రీల ఆవిరి చాలును. నీరు పోయకుండ నూనెలోనే వేయించినచో, లోపలి మాంసము ఉడుకులోపల అడుగు మాడిపోవును.

జోసెఫ్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు గ్లాస్గో నగరములో 1761 ప్రాంతమున మంచు కరగుటను, నీరు మరగుటను కొలిచి, ఉష్ణోగ్రత పెరుగకుండగనే పదార్థము వేడిని గ్రహించు నని నిరూపించెను. దీనికి గుప్తోష్ణము అని పేరు. 100 గ్రాముల నీటిని 25 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు వేడిచేయుటకు 7,500 కెలోరీలు చాలును. అదే నీటిని అదే 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చుటకు సుమారు 54,000 కెలోరీలు కావలెను. ఇది ఏడు రెట్లకు పైగా ఎక్కువ. నిమిషమునకు 9,000 కెలోరీల వేడి నీటికి చేరుచున్నదనుకొన్నచో, నీరు మరుగుటకు ఒక నిమిషమైనను పట్టదు. ఇగురుటకు ఆరు నిమిషములు పట్టును. మూతకు తగిలి చల్లబడిన ఆవిరి కొంత తిరిగి క్రిందికి జారును గనుక మరికొంత ఆలస్యమగును. ఒక చిన్న గిన్నెడు నీరు పోసిన గృహిణి ఆరేడు నిమిషముల గడియారమునకు తాళము ఇచ్చినట్లే. జియావ్‌జి పెద్దదైన నీరు కొంచెము ఎక్కువ పోయును, చిన్నదైన తగ్గించును.

గడియారము ఆగిన సంగతి చెవికి తెలియును. నీరు ఉన్నంతసేపు మూత క్రింద కుతకుత మను శబ్దము వినబడును. నీరు తీరగనే అది చిటపటగా మారును. ఆ క్షణముననే అడుగు ఉష్ణోగ్రత 100 డిగ్రీల కట్టు తెంచుకొని పైకి లేచును. అనుభవము గలవారు మూత తీయకయే, శబ్దమును బట్టి మంటను తగ్గింతురు.

తెలుగువారి దిబ్బరొట్టెలో ఇట్టి ఏర్పాటే కనబడును. మందపాటి మూకుడులో నూనె వేసి, మినపపిండి పోసి, మూత పెట్టి, సన్నని సెగపై ఉంచినపుడు, పిండిలోని నీరే ఆవిరియై పైభాగమును ఉడికించును. అడుగు ఎఱ్ఱగా వేగును. దిబ్బరొట్టె పిండి జారుగా ఉండును గనుక నీటిని తనతోనే తెచ్చుకొనును. జియావ్‌జి పిండి గట్టిది. దానికి నీరు బయటినుండి పోయవలెను.

నీటిబొట్టు, ఎఱ్ఱని అడుగు

అట్టు పోయుటకు ముందు పెనముపై నీటిబొట్లు చిలకరించుట తెలుగు గృహములలో అందరు ఎరిగినదే. పెనము ఒక మాదిరి వేడిలో ఉన్నపుడు బొట్టు చుయ్యిమని ఇగిరిపోవును. మిక్కిలి వేడిలో ఉన్నపుడు ముత్యమువలె దొర్లుచు కొంతసేపు నిలుచును. జర్మనీలోని డ్యూయిస్‌బర్గు విశ్వవిద్యాలయమున బోధించిన వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756 లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. ఎఱ్ఱగా కాల్చిన ఇనుప గరిటెపై నీటిబొట్టు అర నిమిషమునకు పైగా నిలుచుట ఆయన గమనించెను. బొట్టు క్రింద పలుచని ఆవిరిపొర ఏర్పడి, లోహమునుండి వేడి చేరకుండ అడ్డుపడుటయే దీనికి కారణము. అట్టు పోయువారు గాని, గ్వోతియె వేయించువారు గాని ఈ పేరు వినకపోయినను, పెనము వేడిని బొట్టు నడకతో కొలుచుచునే ఉన్నారు.

ఇక అడుగున ఏర్పడు ఎఱ్ఱని రంగు, కమ్మని వాసన సంగతి. 1912 లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ చక్కెరలను, ఆమినో ఆమ్లములను కలిపి వేడిచేసి, గోధుమవర్ణపు పదార్థములు పుట్టుట గమనించెను. ఆయన దృష్టి వంటపై లేదు. జీవకణములలో మాంసకృత్తులు ఏర్పడు తీరును తెలిసికొనవలెనని ఆయన కోరిక. ఆయన గమనించిన చర్య రొట్టె పైపొరలోను, వేయించిన కాఫీగింజలోను, గ్వోతియె అడుగులోను జరుగుచున్నదని పిదప తేలినది. ఇందలి వరుస చర్యలను 1953 లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జాన్ హాడ్జ్ ఒక క్రమములో అమర్చి చూపెను. ఈ చర్య సుమారు 140 డిగ్రీలు దాటిన తరువాతనే వేగము పుంజుకొనును. నీరు ఉన్నచోట ఆ వేడి కలుగదు. నీరు మొదట, ఎఱ్ఱదనము చివర అను క్రమము ఏల తప్పనిసరియో దీనివలన తెలియును.

సముద్రము దాటిన పెనము

గ్వోతియె చైనా వెలుపల వ్యాపించుటకు ఒక మార్గము గ్రంథము, మరియొక మార్గము యుద్ధము.

యాంగ్ బూవెయ్ జపానులో వైద్యవిద్య నభ్యసించిన చైనా వనిత. ఆమె భర్త జావ్ యువాన్‌రెన్ ప్రసిద్ధ భాషాశాస్త్రజ్ఞుడు. ఆయన మాండలికముల పరిశోధనకై చైనాలో సంచరించునపుడు ఆమె ఆయా ప్రాంతముల వంటలను పరిశీలించెను. 1945 లో అమెరికాలో వెలువడిన ఆమె వంటల గ్రంథమునకు కుమార్తె, భర్త ఇంగ్లీషు రూపము కల్పించిరి. చైనా వంటపద్ధతులకు అందు వాడిన కొన్ని ఇంగ్లీషు మాటలు ఆ భాషలో స్థిరపడిపోయినవి. గ్వోతియెకు మాటకు మాటగా చేసిన ఇంగ్లీషు పేరు వాటిలో నొకటి.

జపాను కథ వేరు. 1932 లో జపాను మంచూరియాలో తన చెప్పుచేతలలోని రాజ్యము నొకదానిని నెలకొల్పి, వేలకొలది రైతు కుటుంబములను అచ్చటికి పంపినది. 1945 ఆగస్టులో ఓటమి తరువాత వారి బ్రతుకు తలక్రిందులైనది. ఆకలిచేత, రోగములచేత, హింసచేత అనేకులు దారిలోనే మరణించిరి. 1946 మొదలు 1948 వరకు హులుదావ్ రేవునుండి పది లక్షలకు పైగా జపానీయులు ఓడలలో స్వదేశమునకు చేరిరి. వచ్చినవారికి ఇండ్లు లేవు, పనులు లేవు. నగరములు బాంబులకు నేలమట్టమైయున్నవి. బియ్యము కొరతగా ఉన్నది. అమెరికానుండి వచ్చిన గోధుమపిండి దొరకుచున్నది. మంచూరియాలో నేర్చిన జియావ్‌జి అపుడు వారికి జీవనాధారమైనది. ఒక పెనము, ఒక మూత, కొంచెము నూనె ఉన్నచో వీథిప్రక్క దుకాణము తెరువవచ్చును. ఉత్తర చైనా ఉచ్చారణనుండి వచ్చిన 'గ్యోజా' అను పేరుతో అది జపానంతట వ్యాపించినది. సైనికులు మంచూరియాలో పనిచేసి వచ్చిన ఉత్సునోమియా నగరము నేటికిని గ్యోజాకు ప్రసిద్ధి.

చైనాలో ఉడికించినది ముఖ్యము. జపానులో పెనముపై వేయించినదే ముఖ్యమైనది. చైనాలో అదియే భోజనము. జపానులో అది అన్నముతో తిను వ్యంజనము.

మూడువేల అయిదువందల ఇరువది పెనములు

చెవితో విని, చేతితో అలవరచుకొన్న ఈ నేర్పు 20వ శతాబ్దపు ద్వితీయార్ధమున కర్మాగారమునకు చేరినది. అజినోమోటో సంస్థ 1972 లో గడ్డకట్టించిన గ్యోజాను అంగడికి తెచ్చినది. 1997 లో నూనె పోయనక్కరలేని రకమును, 2012 లో నూనె, నీరు రెండును పోయనక్కరలేని రకమును ప్రవేశపెట్టినది. కావలసిన నీరు, నూనె, పిండి కలిపి, ప్రతి గ్యోజా అడుగున గడ్డకట్టించి అతికింతురు. పెనముపై ఉంచి మూత పెట్టినచో ఆ పొర కరగి, మరగి, ఇగిరి, చివరకు కరకరలాడు వలగా మిగులును. గృహిణి కొలిచి పోయు నీటిని కర్మాగారమే కొలిచి ఇచ్చుచున్నదన్నమాట.

పెనములును మారినవి. 1938 లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ అను పదార్థమును 1950 దశకమున ఫ్రాన్సులో పెనములకు పూయనారంభించిరి. దానికి పిండి అంటుకొనదు. ఇక 'అంటుకొన్నది' అను పేరు మాత్రమే మిగులునని ఎవరైనను తలపవచ్చును.

అట్లు జరుగలేదు. 2023 లో ఒక వినియోగదారుడు తన పెనమునకు గ్యోజాలు అంటుకొని చిరిగిపోయినవని ఛాయాచిత్రముతో సహా ప్రకటించెను. కొత్త పెనములతో పరీక్షించినవారికి ఈ చిక్కు కనబడలేదు. గ్యోజాలు అంటుకొను పెనములు ఇండ్లలో ఉన్నచో పంపవలసినదని సంస్థ ప్రజలను కోరగా 3,520 పెనములు వచ్చి చేరినవి. పూత అరిగినవి, గీతలు పడినవి, అడుగు వంగినవి, ఏండ్ల తరబడి వాడినవి అందులో ఉన్నవి. ఆ పెనములపై జరిపిన పరీక్షల ననుసరించి మార్చిన సరకు 2024 లో వెలువడినది.

పచ్చిపిండి తడిగా వేడి లోహమును తాకినపుడు, అందలి స్టార్చి, మాంసకృత్తులు లోహపు ఉపరితలమును పట్టుకొనును. నడుమ నూనెపొర చెదరినచోట పట్టు బలముగా ఉండును. తడి పూర్తిగా పోయి, అడుగు ఎండి గట్టిపడినపుడు ఆ పట్టు సడలును. తొందరపడి అట్లకాడ దూర్చినవారికి పిండిబిళ్ళ చిరుగును. నీరు తీరి, చిటపట శబ్దము స్థిమితపడువరకు ఆగినవారికి అది తనంత తానే వదలివచ్చును. ఇంత తెలిసినను, పూత ఎంత అరిగిన, అడుగు ఎంత వంగిన పట్టు సడలుట మానునో కొత్త పెనమును చూచి చెప్పుట సాధ్యపడలేదు. ఆ సమాచారము ప్రజల వంటయిండ్లలో అరిగిన పెనములపైననే ఉన్నది. దానికొరకు పరిశోధకులు ఆ పెనములను పంపిన ఇండ్లకు ఋణపడిరి.